స్ఫటికంలో నిలబడ్డ నాగులమ్మ

పీరయ్య కొండెక్కి వచ్చేసరికి రొప్పుతున్నాడు. వచ్చీరాగానే గురువు ముందు కూలబడి, మొలలోంచి గుడ్డమూట తీసి విప్పాడు. అందులో ఉసిరికాయంత స్ఫటికం ఉంది.

"సామీ, దీంట్లో నాగులమ్మను చెరిపేయాల. ఎట్ల చెరపాల్నో చెప్పండి" అన్నాడు.

గురువు పేరు లతీఫ్ షా. పాడుబడ్డ కోట బురుజు నీడన ఉండే ఫకీరు. నమాజుకూ నమాజుకూ మధ్య స్ఫటికాల్లో చిన్న చిన్న బొమ్మలు చెక్కుతుంటాడు. అమ్మడు. ఎందుకయ్యా ఈ పని అంటే, "ఊరికే" అంటాడు. పీరయ్య కింది ఊళ్లో గొంగళ్లు నేసే కురుబ. దేవుడి మాట నాలుగు ముక్కలు విందామని వచ్చి ఈ రాళ్ల పిచ్చి అంటించుకున్నాడు. మా ఆయన ముక్తికని పోయి గులకరాళ్లు తెస్తున్నాడని వాళ్లావిడ ఊరంతా చాటింది.

ఆ చెక్కుడు పద్ధతే వేరు. బొమ్మను రాయికి ముందువైపు చెక్కరు. వెనకవైపు నుంచి, విల్లు తాడుతో గిరగిరా తిప్పే బరమాతో, రాయిని అరగదీసే కురువిందం పొడీ నీళ్లూ వేసుకుంటూ లోపలికి తొలుస్తారు. తొలిచిన గుంట ముందునుంచి చూసేవాళ్లకు ఉబ్బెత్తుగా, తెల్లటి బొమ్మలా కనిపిస్తుంది.

పీరయ్య చెక్కింది తను కళ్లారా చూసిన సంగతే. పాలెగాడు ఓబుళ నాయుడి పల్లకీ వస్తుంటే దారిపొడవునా జనం నడుములు వంచి నిలబడ్డారు. కట్టెలు కొట్టుకొని బతికే ముసలి నాగులమ్మ ఒక్కతే నెత్తిన మోపుతో దారి మధ్యలో నిలబడింది. పక్కకు తప్పుకొని దండం పెట్టమని బంట్లు అరిచారు.

"మోపు దించితే మళ్లీ ఎత్తేదెవరు? మీ దొర ఎత్తుతాడా?" అంది.

పల్లకీయే పక్కకు తప్పుకొని పోవాల్సి వచ్చింది. ఆ రోజు ఊళ్లో ఎవరికీ అన్నం సహించలేదు, సంతోషంతో.

పీరయ్య దాన్నంతా రాయిలోకి ఎక్కించాడు. పల్లకీ, బోయీలు, వంగిన నడుములు, ఎదురుగా వేలి గోరంత నాగులమ్మ. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటుంటే పీరయ్యకు నేల మీద కాలు ఆనలేదు. తిరణాలలో ఆ రాయి చేతులు మారీ మారీ చివరికి పాలెగాడి చేతికే చేరింది.

ఆయనకు తన పల్లకీ తెగ నచ్చింది. కుచ్చులతో సహా ఉందే అని మురిసిపోయాడు. ఎదురుగా ఉన్న ముసలిదాన్ని చూశాక మొహం మాడిపోయింది. పీరయ్యను పిలిపించి రాయి చేతిలో పెట్టాడు.

"అమావాస్యకల్లా ఈ రాయి నాకు కావాల. పల్లకీ ఉండాల, ముసల్ది ఉండగూడదు. ఉంటే నీ కుడి చెయ్యి ఉండదు" అన్నాడు.

ఇదంతా చెప్పి పీరయ్య కళ్లు తుడుచుకున్నాడు. "చెయ్యి పోతే మగ్గం ఎట్ల సామీ? పిల్లోల్లకు ఏం పెట్టాల? ఆమెను ఒక గుండురాయి మాదిరి చేసేస్తా. దారిలో గుండు ఉందనుకుంటారు."

లతీఫ్ షా బరమా తీసి పీరయ్య చేతికిచ్చాడు. చిటికెడు కురువిందం పొడి వేసి, దాని మీద నీళ్లు చిలకరించాడు.

"చెరుపు" అన్నాడు.

పీరయ్య తొలిచాడు. నాగులమ్మ ముక్కూ మొహం పోయాయి. చీర మడతలు పోయాయి. తుడిచి, రాయిని ముందువైపుకు తిప్పి వెలుగులో పట్టుకున్నాడు.

"ఎవురు కనిపిస్తా ఉండారు?" అని అడిగాడు గురువు.

గుండురాయి లేదు. నెత్తిన మోపుతో నాగులమ్మే ఉంది. ఇందాక పల్లకీ కన్నా పొట్టిగా ఉన్న మనిషి ఇప్పుడు పల్లకీ ఎత్తు అయింది.

"ఇంకా చెరుపు" అన్నాడు లతీఫ్ షా. ఈసారి ఆ గొంతులో కోపం ఉంది.

పీరయ్య బరమా కింద పెట్టేశాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. "ఇంక చెరపను సామీ" అన్నాడు. తర్వాత రాయినీ బరమానూ పొడి పొట్లాన్నీ ఒకే గుడ్డలో మూటగట్టి లేచాడు.

"పోయొస్తా సామీ."

"నేనూ వస్తా పద" అని గురువు చేతికర్ర అందుకున్నాడు.

పాలెగాడి చావడిలో జనం తలలు వంచుకొని నిలబడి ఉన్నారు. ఓబుళ నాయుడు రాయిని ఎండకు పట్టి చూశాడు. చూసి మండిపడ్డాడు.

"తియ్యమంటే పెంచినావా? ఈమెను పెంచిన చెయ్యి ఇప్పుడే నరికిస్తా!"

పీరయ్య "తీసేకొద్దీ గుంట పెరుగుతాది, గుంటతో పాటే ఆమే పెరుగుతాది దొరా. నమ్మకముంటే నమ్మండి, లేదంటే మీరే తీసి చూడండి" అని మూట విప్పి బరమా ఆయన ముందు పెట్టాడు.

ఓబుళ నాయుడు బరమా లాక్కున్నాడు. కత్తి తిప్పిన చెయ్యి కదా, మొరటుగా తొలిచాడు. చూశాడు. పళ్లు కొరికి మళ్లీ తొలిచాడు. నాగులమ్మ భుజం వెళ్లి పల్లకీ కుచ్చులను మింగేసింది. ఇంకాస్త తొలిస్తే పల్లకీయే పోతుంది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. బోయీల్లో ఒకడు. అప్పటికి చావడిలో ఒక్క తలా వంగి లేదు. అందరూ మెడలు సాచి రాయి వంకే చూస్తున్నారు.

పీరయ్య తన కుడి చెయ్యి ముందుకు చాపాడు.

"ఇంతకీ ఏ చెయ్యి నరకాల దొరా?"

ఓబుళ నాయుడు తన చేతిలోని బరమాను చూసుకున్నాడు. దాన్ని చాప మీద పడేసి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. పీరయ్య రాయినీ బరమానూ తీసి మూటగట్టుకున్నాడు. ఎవరూ అడ్డు రాలేదు.

ఇద్దరూ ఊరు దాటి కొండదారి పట్టారు. అప్పుడు పీరయ్య దారి పక్కన చతికిలబడిపోయాడు.

"సామీ, నిజంగానే నరికుంటే?"

లతీఫ్ షా వెనక్కి తిరిగి చూడలేదు, నడక ఆపలేదు.

"ఎడమ చేతికి మొదటినించి నేర్పేవాణ్ణి" అన్నాడు.