మంచువాలు ముందు మూడుసార్లు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ వంశానికి ఒక పాడు పట్టింపు ఉండేది. ముందుకేసిన అడుగు వెనక్కి తీయకూడదట!

ఏడు సముద్రాల అవతల మంచుకొండ మీద హిమకంఠుడనే మాంత్రికుడు స్వర్ణలేఖ అనే రాకుమారిని చెరపట్టాడు. చిలకలో ప్రాణం దాచుకునే రకం కాదు వాడు. మంచు విరిగిపడి చచ్చినవాళ్ళ ఆయుష్షు తాగి బతికేవాడు. రాకుమారిని విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. చివరికి మూడోవాడు మణికేతుడు బయల్దేరాడు.

మాంత్రికుడి గుహ ముందు తెల్లటి వాలు. అడుగు వేయబోతుంటే ఒక కొండమేక అడ్డం వచ్చింది.

“ఆగు నాయనా, తవ్వి చూడు.”

కత్తితో తవ్వాడు. పైన కొత్త మంచు, దాని కింద గట్టి పెచ్చు, అట్టడుగున పంచదారలాంటి పొడి. గుప్పిట పడితే జారిపోయింది.

“పునాది లేని గోడ ఇది. కాలు పెడితే మొత్తం కదులుతుంది. మీ అన్నలు ఇక్కడే పోయారు,” అంది మేక.

మణికేతుడికి దుఃఖం పొంగుకొచ్చింది. గుహలోంచి మాంత్రికుడు పకపకా నవ్వాడు.

“రారా పిరికిపందా! మీ వంశంలో వెనక్కి పోయినవాడున్నాడా?”

“ఇవాళ్టినుంచి ఉన్నాడు.”

సిగ్గుతో తల దించుకుని మణికేతుడు వెనుదిరిగాడు.

ఎండలు కాశాక వచ్చి తవ్వాడు. పొడి అలాగే ఉంది. తిరిగిపోయాడు. తాగడానికి ఎవరి ఆయుష్షూ దొరక్క మాంత్రికుడి జుట్టు నెరిసింది. మంచు కురిసి వెలిశాక మళ్ళీ వచ్చాడు. కొండ కడుపులోంచి మంచు కుంగుతున్న మూలుగు వినబడింది. మళ్ళీ తిరిగాడు. మాంత్రికుడికి నడుం వంగిపోయింది.

“నేనే నిన్ను తోస్తాను!” అని ఆకలికి ఆగలేక వాడు వాలు మీదకు దూకాడు. మంచు అడ్డంగా చీలింది. మరుక్షణం మంచూ లేదు, మాంత్రికుడూ లేడు.

బయటపడిన రాళ్ళ మీదుగా మణికేతుడు గుహ చేరాడు.

“ఇక రావనుకున్నాను,” అంది స్వర్ణలేఖ ఏడుస్తూ.

“మళ్ళీ రావడానికే వెళ్ళాను,” అన్నాడు.

ఇద్దరూ ఇల్లు చేరారు. ముసలిరాజు స్వర్ణలేఖను పక్కకు పిలిచాడు.

“నా పెద్దకొడుకు ఎలా పోయాడమ్మా?”

“వాలు మధ్యలో ఆగారు మహారాజా. మూలుగు విన్నారు. వెనక్కి చూశారు. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ ముందుకే నడిచారు.”

రాజు కుప్పకూలిపోయాడు.

“నా బిడ్డను మంచు చంపలేదమ్మా, నేను చంపుకున్నాను.”

ఆయన కిరీటం తీసి మణికేతుడి తలపై పెట్టి, పెళ్ళి జరిపించాడు. వాళ్ళు నిండు నూరేళ్ళు చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో తల్లులు ఇప్పటికీ పిల్లలను సాగనంపుతూ, “దారి బాగాలేకపోతే తిరిగొచ్చెయ్యి నాయనా, అన్నం వండే ఉంచుతాను,” అంటారు.