మౌనయ్య మరిచిన ఇంటి దరువు

నల్లగట్టు అడవిలో జింకలు, కుందేళ్ళు, కోతులు, ఉడుతలు, లెక్కలేనన్ని పక్షులు ఉండేవి. అడవి నడుమ ఒక పెద్ద మద్దిచెట్టు. ఆ చెట్టు తొర్రలో ఒక వడ్రంగిపిట్టల జంట కాపురం ఉండేది. భర్త పేరు మౌనయ్య, భార్య పేరు కామాక్షమ్మ. పేరుకే మౌనయ్య. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా అతని ముక్కు చప్పుడు ఆగింది లేదు.

మౌనయ్య గొప్ప పనిమంతుడు. తొర్ర తొలవాలంటే ఆ అడవిలో అతని తర్వాతే ఎవరైనా. చిలుకలకు, గోరింకలకు, పాలపిట్టలకు అందరికీ అతనే కావాలి. "మౌనయ్య చేసిన తొర్ర తాతల కాలం దాకా చెక్కుచెదరదు" అని పక్షులు చెప్పుకునేవి. తాతలు ఎప్పుడో పోయారు కదా, ఇంకా వాళ్ళ కాలం దాకా ఏమిటని ఎవరూ అడగలేదు. మౌనయ్య అసలే అడగలేదు. ఆ మాట చెవిన పడితే చాలు, అతని ఛాతీ ఉబ్బిపోయేది. ఎవరు పిలిచినా కాదనేవాడు కాదు.

అందుకని పిల్లలు లేవకముందే వెళ్ళిపోయేవాడు. వాళ్ళు నిద్రపోయాక వచ్చేవాడు. అతనికి ముగ్గురు పిల్లలు. వాళ్ళు అతనికి తెలిసింది మూడు వెచ్చని ఉండలుగా మాత్రమే. ముఖాలు ఎలా ఉంటాయో సరిగా చూసుకోలేదు.

"పిల్లలు మిమ్మల్ని ఎరగరండీ. ఒక్క పూట ఇంటిపట్టున ఉండండి" అని కామాక్షమ్మ ఎన్నోసార్లు బతిమాలింది.

"ఈ పాట్లన్నీ ఎవరికోసం పడుతున్నాను? వాళ్ళకోసమే కదా" అని మౌనయ్య విసుక్కునేవాడు.

వడ్రంగిపిట్టల్లో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టగానే తల్లీతండ్రీ కలిసి కూర్చుని ఇంటి దరువు కట్టుకుంటారు. అంటే, ఆ ఇంటివాళ్ళు మాత్రమే కొట్టే చప్పుడు. ఒక ఇంటి దరువు ఇంకో ఇంటికి ఉండదు. పిల్లలు గుడ్డులో ఉండగానే దాన్ని వినిపిస్తారు. బయట ఆ దరువు వినబడితేనే పిల్లలు తల బయటపెట్టాలి. వేరే ఏ చప్పుడు విన్నా, ఎవరు ఎంత తీయగా పిలిచినా, ఊపిరి బిగబట్టి లోపలే ఉండాలి.

ఆ దరువు కట్టుకున్న రోజున మౌనయ్య ఇంట్లో లేడు. చిలుకల పెళ్ళికి తొర్ర అత్యవసరమట, అక్కడికి వెళ్ళాడు. కామాక్షమ్మ ఒక్కతే కూర్చుని దరువు కట్టింది. రాత్రి అతను రాగానే కొట్టి వినిపించింది. అతను సగం నిద్రలో "ఊఁ, బాగుంది" అన్నాడు. అంతే.

పోనుపోను పని ఇంకా పెరిగింది. దూరం వెళ్ళి రావడానికి పొద్దు చాలడం లేదని మౌనయ్య ఒక ఉపాయం ఆలోచించాడు. తానుండే మద్దిచెట్టుకే తొర్రలు తొలవడం మొదలుపెట్టాడు. తన ఇంటికి పైన నాలుగు, కింద ఆరు.

పక్క కొమ్మ మీద ముత్యాలవ్వ అనే ముసలి ఉడుత ఉండేది. కామాక్షమ్మ మేతకు వెళ్ళినప్పుడు పిల్లల మీద ఓ కన్ను వేసి ఉంచేది. ఆమె ఒకనాడు మౌనయ్యను ఆపి, చెట్టు డొల్లవుతోంది నాయనా, ఇక చాలించమంది.

"నాకు చెట్ల సంగతి చెబుతున్నావా అవ్వా?" అని నవ్వి, మౌనయ్య పదకొండో తొర్ర మొదలుపెట్టాడు. దాన్ని సరిగ్గా తన ఇంటి వెనకవైపే తొలిచాడు.

ఒకరోజు పొద్దున్నే ఈదురుగాలి మొదలైంది. మౌనయ్య ఆవలి గుట్ట మీద పాలపిట్టకు తొర్ర చేస్తున్నాడు. గాలికి కొమ్మలు విరిగిపడుతుంటే పాలపిట్టకు భయమేసింది. ఇవాళ్టికి పని వద్దు, ఇంటికి వెళ్ళమంది. మౌనయ్యకు ఏం చేయాలో పాలుపోలేదు. పట్టపగలు ఇంటికి వెళ్ళి ఏం చేస్తారో అతనికి గుర్తులేదు. అయినా బయల్దేరాడు.

మద్దిచెట్టు మీద వాలాక అతనికి ఇంకో చిక్కు వచ్చిపడింది. ఎటు చూసినా తొర్రలే. అన్నీ ఒకేలా గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. మరి అన్నీ అతని ముక్కు చేసినవేగా. రోజూ చీకట్లో కామాక్షమ్మ గొంతును బట్టి వచ్చేవాడు. ఇప్పుడు ఆమె మేతకు వెళ్ళింది. గొంతు లేదు. తన ఇల్లు ఏదో అతనికి తెలియలేదు.

ఒక తొర్ర మీద తట్టాడు. చిలుక తల బయటపెట్టి, మరమ్మతు నేనేమీ చెప్పలేదే అంది. తల గోక్కుంటూ ఇంకో తొర్ర మీద తట్టాడు. అందులో ఎవరూ లేరు. మూడో తొర్ర దగ్గర లోపల గుసగుస వినబడి, టక్కున ఆగిపోయింది. ఇదే తన ఇల్లు అయి ఉండాలి అనుకున్నాడు. ఉంటుందా అని మళ్ళీ అనుకున్నాడు.

టకటకటకటక అని కొట్టాడు. ఎవరూ పలకలేదు.

"నేనర్రా, నాన్నను" అన్నాడు.

లోపలి నుంచి సన్నని గొంతు వినిపించింది. "మా నాన్న పగలు ఉండడు."

మౌనయ్య తికమకపడ్డాడు. పిల్ల చెప్పింది నిజమే. వాళ్ళ నాన్న పగలు ఉండడు. మరి పగలు వచ్చిన తనెవరు? నిజంగానే వేరే ఇంటికి వచ్చాడేమో. ఎందుకైనా మంచిదని చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

అప్పుడు కనబడింది చెట్టు వెనకవైపు పగులు. పదకొండో తొర్ర దగ్గర మొదలై కిందికి పాకుతోంది. గాలి కొట్టినప్పుడల్లా మాను కిర్రుమంటోంది. పగులు నోరు తెరిచి మూసుకుంటోంది. చిలుకలు, గోరింకలు అప్పటికే ఎగిరిపోయాయి. పగులుకు సరిగ్గా ముందువైపున్నది ఆ మూడో తొర్రే, అంటే అదే తన ఇల్లని మౌనయ్యకు తెలిసింది. పరుగున వచ్చి ఆ మూడో తొర్ర మీద తట్టాడు. బతిమాలాడు. గదమాయించాడు. చెట్టు పడిపోతోందని చెప్పాడు. పిల్లలు ఇంకా లోపలికి ముడుచుకున్నారు. ముక్కు పెట్టి లాగబోతే వాళ్ళు అందనంత లోతుకు పోయారు. తొర్ర లోతుగా చేసిందీ అతనే.

ఇంటి దరువు కొడితే వస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ ఆ దరువేమిటి? నాలుగు దెబ్బలా? ఐదా? ఎంత తలచుకున్నా చిలుకల తొర్రకు కొట్టిన దెబ్బలే గుర్తొస్తున్నాయి. అడవిలో అందరి ఇళ్ళూ కట్టిన తనకు తన ఇంటిని పిలవడం రాదని అప్పుడు తెలిసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

ముత్యాలవ్వ గాలికి ఊగుతున్న కొమ్మను పట్టుకుని దిగి వచ్చింది. "రెండు కొట్టు. ఆగు. ఒక్క గుక్క ఊపిరి తీసుకో. తర్వాత ఒకటి కొట్టు" అంది.

మౌనయ్య కొట్టాడు. టక్ టక్ టకటకటక.

"ఆగమన్నాను కదా నాయనా."

మళ్ళీ కొట్టాడు. టక్ టక్ టకటకటకటక. రెండు దెబ్బలు పడ్డాక అతని ముక్కు ఆగనే ఆగదు. ఆగడం దానికి అలవాటు తప్పింది. ముక్కును రెండు కాళ్ళ మధ్య ఇరికించి చూశాడు. అయినా తల ఊగుతూనే ఉంది.

ఇక లాభం లేదని ముత్యాలవ్వ చేతిలోని కరక్కాయతో తనే కొట్టింది. టక్ టక్. ఆగింది. టక్.

తొర్రలోంచి మూడు తలలు బయటికి వచ్చాయి. "అవ్వా" అని ముగ్గురూ ఆమెకేసి రెక్కలు చాచారు. కొత్తగా మొలిచిన రెక్కలతో పడుతూ లేస్తూ పక్కనున్న ఇప్పచెట్టు మీద వాలారు. ముత్యాలవ్వ, మౌనయ్య వాళ్ళ వెనకే చేరారు. మరుక్షణం మద్దిచెట్టు సరిగ్గా పగులు దగ్గర ఫెళ్ళున విరిగింది. మౌనయ్య చేసిన తొర్రలన్నీ ఒక్కసారే నేలమట్టమయ్యాయి.

పిల్లలు ముత్యాలవ్వ తోక కింద దాక్కున్నారు. మౌనయ్య కొంచెం ఎడంగా కూర్చున్నాడు. దగ్గరికి వెళ్ళవచ్చో లేదో అతనికి తెలియలేదు. అన్నిటికన్నా చిన్నది అతన్ని చాలాసేపు చూసింది.

"అవ్వా, ఈయనెవరు? ఎందుకు ఏడుస్తున్నాడు?"

"మీ నాన్నే తల్లీ."

చిన్నది తల పక్కకు వంచింది. "మా నాన్న నల్లగా ఉంటాడనుకున్నాను" అంది. చీకట్లో తప్ప అతన్ని ఎప్పుడూ చూడలేదు కదా. అతని నెత్తి మీద ఎర్రని కుచ్చు ఉంటుందని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది.

కామాక్షమ్మ గాలికి ఎదురొడ్డి ఆయాసపడుతూ వచ్చింది. విరిగిన చెట్టును చూసింది, పిల్లల్ని లెక్కపెట్టుకుంది.

ఆ తర్వాత మౌనయ్య ఇప్పచెట్టుకు రెండే తొర్రలు చేశాడు. మొదటిది ముత్యాలవ్వకు, రెండోది తమకు. ఎండలో కూర్చోగల గుమ్మం ఉన్న తొర్ర ముత్యాలవ్వకు దక్కింది. ఎవరు పని చెప్పినా పొద్దు నడినెత్తికి వచ్చేదాకానే చేస్తానన్నాడు. కొందరు అలిగి వేరే పిట్టల దగ్గరికి వెళ్ళారు. వెళ్ళనిమ్మన్నాడు.

రోజూ మధ్యాహ్నం ఎండుకొమ్మ మీద కూర్చుని ఇంటి దరువు నేర్చుకునేవాడు. రెండు కొట్టి ఆగబోయేవాడు, ఆగలేకపోయేవాడు. పిల్లలు పక్కన చేరి నవ్వేవారు. "ఊపిరి తీసుకో నాన్నా" అని నేర్పేవారు. నేర్చుకోవడానికి చాలా రోజులే పట్టింది.

ఒకనాడు పనినుంచి వచ్చి తొర్ర అంచున వాలాడు. టక్ టక్. కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుని, ఆగాడు. టక్.

చిన్నది తల బయటపెట్టింది.

"అమ్మా, నాన్న వచ్చాడు" అని లోపలికి కేకేసింది.

నీతి: ఇంటివాళ్ళ కోసమే అంటూ పొద్దంతా పనికే ఇచ్చేస్తే ఆ ఇంటికే మనం కొత్తవాళ్ళమవుతాం. పని తెలియడం ఎంత ముఖ్యమో, ఆగడం తెలియడమూ అంతే ముఖ్యం.