రెండు వందల సున్నుండల పరీక్ష

మొగలిపాలెంలో తెలివైనవాళ్ళెవరని అడిగితే ఊళ్ళోవాళ్ళు తలో పేరు చెబుతారు. చిట్టియ్య ఇంట్లో అడిగితే మాత్రం మూడే పేర్లు వినిపిస్తాయి. చిట్టియ్య, అతని భార్య మంగాయమ్మ, అతని తమ్ముడు పోలయ్య. "మా ఇంట్లో తెలివి పట్టక అటక మీద కూడా పెట్టుకున్నాం" అని పోలయ్య వీధిలో నిలబడి గొప్పలు పోయేవాడు. అటక మీద ఉన్నవి మినుములు. ఆ సంగతి అతను తరచూ మరిచిపోయేవాడు.

ఆ మినుములతోనే వాళ్ళ బతుకు. తల్లి రావులమ్మ సున్నుండలు చుట్టి ఇద్దరు కొడుకుల్నీ పెంచింది. ఆవిడ పోయాక కూడా ఆ రుచి మీద మోజుతో జనం కొనేవాళ్ళు. ఇంతలో టౌనులో ఏదో హోటల్లో సాంబారులో బల్లి పడిందన్నారు. అంతే! బయటి తిండి అంటే ఊరంతా హడలిపోయింది. వారం తిరిగేసరికి చిట్టియ్య కొట్టు ముందు ఈగ కూడా వాలలేదు. ఇలాగే సాగితే కొట్టు మూసేసి అన్నదమ్ములిద్దరూ రైసుమిల్లులో బస్తాలు మోయాలి. చిట్టియ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

ముగ్గురూ ఊరి బళ్ళో పాఠాలు చెప్పే ఇందిర టీచరు దగ్గరికి పరిగెత్తారు.

"జనానికి అనుమానం పట్టుకుంది, చిట్టియ్యా. మీ సున్నుండల్లో చెత్తాచెదారం లేదని బోర్డు మీద రాసి పెట్టండి" అంది టీచరు.

ఇంకేముంది! బోర్డు తెచ్చారు, సుద్ద తెచ్చారు. 'మా సున్నుండల్లో బల్లి లేదు' అని చిట్టియ్య రాశాడు.

"మరి బొద్దింక?" అంది మంగాయమ్మ.

"లేదుగా!"

"లేదని రాయకపోతే ఉందనుకోరూ?"

నిజమే కదా అని రాశాడు. బొద్దింక లేదు. ఎలుక తోక లేదు. తుప్పు మేకు లేదు. ఎదురింటి తాతగారి కట్టుడుపన్ను లేదు. బోర్డు నిండిపోతే గోడ మీదికెక్కారు. జెర్రి లేదు, గోరు లేదు, గొర్రె లేదు.

"గొర్రె ఎలా పడుతుంది వదినా?" అన్నాడు పోలయ్య.

"పడలేదనే కదా రాస్తున్నాం!"

చివర్లో చిట్టియ్యకు నిజాయితీ పొంగుకొచ్చింది. 'పైవేవీ పోయిన వారం కనిపించలేదు. ఈ వారం ఇంకా చూడలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ధైర్యం చేసి ఒక ముసలమ్మ పావుకిలో కొందామని వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా చదివింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చిన దారినే గబగబా వెళ్ళిపోయింది.

మళ్ళీ టీచరు దగ్గరికి వెళ్ళారు. టీచరు తల పట్టుకుంది. "చెరిపెయ్యండి నాయనా, ముందది చెరిపెయ్యండి! అందరి కళ్ళ ముందు చెయ్యండి, చూసి నమ్ముతారు. చేతులు మాత్రం తగలనివ్వకండి."

అంతే. మర్నాడు పొద్దున్నే రోడ్డు మధ్యలో చాప పరిచారు. పళ్ళెంలో మినప్పిండి, బెల్లం తురుము, కాచిన నెయ్యి పోశారు. మంగాయమ్మ అన్నదమ్ములిద్దరి చేతులూ వెనక్కి విరిచి తువ్వాళ్ళతో కట్టేసింది. బస్సు ఆగింది, ట్రాక్టరు ఆగింది, బడికెళ్ళే పిల్లలు ఆగారు. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని అన్న కుడికాలికీ తమ్ముడి ఎడమకాలికీ మధ్య పిండి పెట్టుకుని ఉండ చుట్టడం మొదలెట్టారు.

"చూడండి బాబూ, చూడండి! చెయ్యి తగిలితే అడగండి!" అని మంగాయమ్మ ఎలుగెత్తి అరిచింది.

"కాళ్ళయినా కడుక్కున్నారా?" అని బస్సు కిటికీలోంచి ఎవరో అడిగారు.

"టీచరుగారు చేతుల సంగతే చెప్పారండీ, కాళ్ళ ఊసెత్తలేదు" అన్నాడు పోలయ్య నెయ్యి కారుతున్న బొటనవేలు ఆడిస్తూ.

బస్సు హారన్ కూడా కొట్టకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కొట్టు ముందు నుంచి నడిచేవాళ్ళు కూడా పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోసాగారు. టీచరైతే ఈ ముగ్గురినీ చూడగానే తలుపేసుకుంది. తలుపు వెనక నుంచే "మీ అమ్మ ఎలా చేసిందో అలా చెయ్యండి! సబ్బుతో చేతులు కడుక్కుని, మీ వంటింట్లో, మామూలుగా!" అని కేకేసింది.

ఈ గోలేదీ తెలియని పక్క ఊరి నాగభూషణంగారు అప్పుడే వచ్చారు. ఆయన పెళ్ళిలో వడ్డించినవి రావులమ్మ సున్నుండలే. వాళ్ళమ్మాయి సీమంతానికి అవే కావాలని పట్టుబట్టి వచ్చారు.

"రెండు వందలు కావాలి, చిట్టియ్యా. మా వియ్యపురాలు అసలే అనుమానం మనిషి. ఒక్క ఉండ ముక్కవాసన వచ్చినా నా పరువు గంగలో కలుస్తుంది. ప్రతి ఉండా బాగుందని తేల్చుకున్నాకే తీసుకురా. ఇవి బాగుంటే ఏడాది పొడుగునా మా బంధువులందరికీ నీ దగ్గరే."

చిట్టియ్య కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి పేరు నిలబెట్టే అవకాశం ఇంకొకటి రాదని అతనికి తెలుసు. ఈసారి ముగ్గురూ మోచేతులదాకా సబ్బు రాసుకున్నారు. మినుములు దోరగా వేయించారు. తల్లి విసిరిన తిరగలిలోనే విసిరారు. రెండు వందల సున్నుండలు కుదురుగా, నున్నగా, ఇల్లంతా ఘుమఘుమలాడేలా తయారయ్యాయి. నిజం చెప్పొద్దూ, రావులమ్మ ఉంటే మురిసిపోయేది.

అక్కడితో ఆగి ఉంటే కథే లేదు.

"ఇక తేల్చుకుందాం" అని చిట్టియ్య ఒక ఉండ తిన్నాడు. "అద్భుతం! ఇది బాగుంది."

"మరి పక్కది?" అన్నాడు పోలయ్య.

"దాని సంగతి దీన్నడిగితే ఏం తెలుస్తుంది?" అని పక్కది మంగాయమ్మ కొరికింది. "ఇదీ బాగుంది."

"సగమే తిన్నావు వదినా! మిగతా సగంలో ఏముందో?"

మిగతా సగమూ తింది. బాగుంది. ఇంకేముంది, వరస పెట్టారు. ముప్ఫై పూర్తయ్యేసరికి ముగ్గురికీ పొట్టలు డోళ్ళయ్యాయి. ఇంకా నూట డెబ్భై తేలాలి. పోలయ్య వీధిలోకి పోయి "పరీక్షకు రండి! డబ్బులక్కర్లేదు!" అని చాటాడు. ఉచితం అనేసరికి జనం అనుమానం గట్టు మీద పెట్టి వచ్చారు. మొదటివాడు భయంభయంగా నాలిక్కి ఆనించాడు. మరుక్షణం ఉండంతా నోట్లో వేసుకున్నాడు. "రావులమ్మ చేతి రుచేరా!" అన్నాడు. ముసలమ్మ వచ్చింది. ఇందిర టీచరు కూడా వచ్చింది, తిని కళ్ళు మూసుకుని "ఆహా" అంది. చీకటి పడకముందే రెండు వందలూ తేలిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి చెడ్డది లేదు!

మర్నాడు అన్నదమ్ములిద్దరూ కొత్త బుట్టకు పసుపూ కుంకుమా పెట్టి, పైన గుడ్డ కట్టి, నెత్తిన పెట్టుకుని సీమంతానికి బయల్దేరారు. బుట్ట తేలిగ్గా ఉందని దారంతా సంబరపడ్డారు. పందిట్లో వియ్యపురాలి ఎదుటే దించారు. నాగభూషణంగారు గుడ్డ విప్పారు. ఖాళీ.

"ఏవయ్యా సున్నుండలు?" అన్నారాయన.

"తేల్చుకున్నామండీ! రెండు వందలకు రెండు వందలూ బాగున్నాయి. ఊరంతా సాక్ష్యం!" అన్నాడు చిట్టియ్య ఛాతీ విరిచి.

వియ్యపురాలు ముక్కున వేలేసుకుంది. నాగభూషణంగారు అరుగు మీద కూలబడ్డారు. నిన్న తిన్న ఊరి మనుషులు వీళ్ళ వెనకే వచ్చి ఉన్నారు. "నిజమేనండీ, అంత మంచి ఉండలు ఈ మధ్య తినలేదు" అని ముక్తకంఠంతో చెప్పారు. అది విని వియ్యపురాలికే నోరూరింది.

"అన్నయ్యగారూ, నాకూ ఆ సున్నుండలే కావాలి. ముహూర్తం సాయంత్రానికి కదా, మళ్ళీ చేయించండి" అందావిడ.

నాగభూషణంగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. చిట్టియ్య చేతులు పట్టుకుని "బాబ్బాబు, ఇంకో రెండు వందలు!" అని బతిమాలారు.

"రెండు వందలేం ఖర్మ, నాలుగు వందలు చేస్తాం!" అని చిట్టియ్య ఖాళీ బుట్ట ఎత్తుకుని, వెనకున్న జనం వైపు తిరిగాడు. "నిన్నటికి రెట్టింపు పని. అన్నీ సాయంత్రంలోగా తేలాలి. పొద్దుటి నుంచి ఏమీ తిననివాళ్ళంతా నాతో రండి!"