చిన్న టర్బో, పెద్ద మనిషి

కొండమీద జరిగే సన్మానానికి బయల్దేరిన జగపతిరాజు కారు, ఘాట్‌రోడ్డు మొదట్లో మెకానిక్ మస్తాన్ షెడ్డు దగ్గర మొరాయించింది. సన్మానపత్రం రాజుగారు తనే రాయించుకుని తెచ్చుకున్నాడు.

ఇంజిన్‌కు ఊపునిచ్చే రెండు టర్బోల్లో చిన్నది పాడైందన్నాడు మస్తాన్.

"పెద్దదుందిగా. చిన్నది పీకేసి బండి ఇయ్యి. లేదా రేపటికి నీ షెడ్డుండదు."

మస్తాన్ కొండవైపు చూశాడు. పీకితే మలుపుల్లో బండి ఎక్కలేక వెనక్కి జారొచ్చు. ప్రాణం పోతే నింద తనకే.

డ్రైవరు అప్పన్నతో "ఏం జరిగినా కదలకు" అని చెప్పి, షెడ్డు వెనక కట్టేసిన మేకను విప్పాడు.

అది తిన్నగా వచ్చి బల్లమీది సన్మానపత్రం అందుకుని నమలసాగింది. భారీకాయుడైన రాజుగారు పడక్కుర్చీలోంచి లేచేసరికి చివరి 'ఇట్లు' మాత్రం మిగిలింది.

"అప్పన్నా, చూస్తూ నిలబడ్డావేంరా?"

"నేనే ఆపాను దొరా." అన్నాడు మస్తాన్. "పెద్దవారు మీరుండగా చిన్నవాడెందుకని."

"నేను లేవాలంటే ఆలస్యం కాదూ?"

"పెద్ద టర్బో కూడా అంతే దొరా. ఇంజిన్ పొగ జోరుగా తగిల్తేగాని తిరగదు. అందాకా బండిని లాగేది చిన్నదే. ఇక్కడ పోయింది కాగితం. మలుపులో అయితే..."

రాజుగారు ఘాట్‌రోడ్డు మలుపులవైపు చూసి, మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"చిన్నదాన్నే బాగుచెయ్యి. నిదానంగానే కానియ్యి. అక్కడ చదవడానికి ఎలాగూ ఏమీ లేదు."