గుర్రాల మేత

కుందవరం రాజుగారు తన బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం పెట్టించేవాడు. ఊరి చుట్టూ జొన్నలు, ఉలవలు, కూరగాయలు విరగపండేవి. కానీ ధాన్యపు ఉగ్రాణం చూసే విరూపాక్షయ్య, "రాజుగారి బడిలో పల్లెటూరి తిండేమిటి?" అంటూ దూరదేశం నుంచి బియ్యం తెప్పించేవాడు. బండ్ల మీద మూడు నెలలు వచ్చేసరికి అవి పురుగుపట్టేవి. వంటమనిషి గవరమ్మ మొరపెట్టుకుంటే, "అది మేలురకం. నీకేం తెలుసు?" అని కసిరేవాడు.

ఒకరోజు రాజు బడి చూడడానికి వచ్చాడు. పక్కనున్న గుర్రపుశాలలో విరూపాక్షయ్య కేకలు విని అటు నడిచాడు. తొట్ల నిండా బియ్యం. ఒక్క గుర్రమూ మూతి పెట్టలేదు.

"ఈ ముక్కిన బియ్యం ఎవరు పోశారు? ఇవి తింటే ఏలినవారి గుర్రాలు బతుకుతాయా?" అని విరూపాక్షయ్య అరుస్తున్నాడు.

"నేనే పోశాను దొరా. పిల్లలకు రోజూ వండే మేలురకమే," అంది అక్కడే నిలబడ్డ గవరమ్మ.

రాజు గుప్పెడు బియ్యం తీశాడు. ముక్కుపురుగులు వేళ్ల మీదికి పాకాయి. ఆయన గవరమ్మ వైపు తిరిగాడు.

"మరి ఈ పూట పిల్లలేం తిన్నారమ్మా?"

"గుర్రాలకని మన రైతుల దగ్గర కొన్న కొత్త ఉలవలు, ప్రభూ. గుగ్గిళ్లు వండిపెట్టాను. బడి పెట్టాక ఇవాళే వాళ్లు తమరి గుర్రాలతో సమానంగా తిన్నారు."

మర్నాటి నుంచి పొలాల బండ్లు ముందు బడి దగ్గర ఆగి, ఆ తర్వాతే గుర్రపుశాలకు వెళ్లేవి.