రంగు కుదరని తేనెపిట్ట

నేను చెప్పేది అబద్ధమనుకునేవాళ్ళు ఇప్పుడే నా ముక్కు ముందుకొచ్చి ఆ మాట అనండి. ఎవరూ రారే? అయితే రెక్కలు ముడుచుకుని వినండి. ఈ ముసలి కాకి వయసులో ఉండగా ఒక్కసారి రెక్క విదిలిస్తే గోదారి మీద పడవలకి తెరచాపలు నిండేవి.

ఆ రోజుల్లో మన మన్యంలో ఒక దొర డేరా వేశాడు. పిట్టల బొమ్మలు వేయడం ఆయన పని. ముందు ముక్కు కొలిచేవాడు, రెక్క కొలిచేవాడు, ఆ తర్వాతే కుంచె పట్టేవాడు. ఆయన బొమ్మ చూసి దూరదేశంలో అచ్చుకాగితాల మీద చేత్తో రంగులద్దుతారట. అందుకని ఒక్క ఈక ఛాయ తప్పినా కాగితం చించేసేవాడు. చచ్చిన పిట్టకి కళ్ళూ కాళ్ళూ రంగు మారిపోతాయి కాబట్టి, బతికుండగానే రంగులన్నీ సరిచూసుకునేవాడు. అవి కుదిరాయా, మెడ నులిమి, చర్మం వలిచి దూది కూరేవాడు. మాంసం డేరా వెనక్కి విసిరేసేవాడు.

అక్కడ కాచుకుని ఉండేవాడు నక్క జగ్గారావు.

ఒక పొద్దున తేనెపిట్ట చినపోతు ఆ దొర పంజరంలో పడ్డాడు. కళ్ళు తెరవని పిల్లల్ని గూట్లో వదిలేసి వాడి పెళ్ళాం నూకాలు నా దగ్గరికొచ్చి వాలింది. ముక్కుతో డేరా వైపు చూపించింది. నేను వెళ్ళేసరికి నక్క అప్పటికే డేరా ముందు ఎండలో వేసిన బల్ల కింద దూరి, పైనున్న పంజరానికి సలహా చెబుతున్నాడు.

"కదలకు తమ్ముడూ. బుద్ధిగా కూర్చుంటే తొందరగా ముగించి వదిలేస్తాడు. ఎంతమందిని చూశాను నేను."

చినపోతు బిగుసుకుని కూర్చున్నాడు. కళ్ళు కుదిరాయి, కాళ్ళు కుదిరాయి. ఇక మెడ ఒక్కటే మిగిలింది. దొర నలుపు కలిపాడు.

"వాడు చూసినవాళ్ళలో ఒక్కడైనా ఇంటికొచ్చాడేమో అడగరా," అన్నాను.

చినపోతుకి వణుకు పుట్టింది. ఆ వణుకులో మెడ ఎండకి తిరిగి, నలుపు కాస్తా ఊదా అయింది. దొర కుంచె ఆగిపోయింది. అంతే, నాకు దారి దొరికింది.

"అలాగే తిరుగుతూ ఉండు. రంగు కుదరనంతసేపూ నీ ప్రాణం నీదే."

దొర ఊదా కలిపితే వాడు ఆకుపచ్చగా తిరిగాడు. ఆకుపచ్చ కలిపితే నీలంగా మెరిశాడు. కాగితాలు చిరుగుతున్నాయి, నక్క కడుపు అరుస్తోంది, పిట్ట కాళ్ళు తేలిపోతున్నాయి. ఇంతలో కొండ మీంచి మబ్బు బయల్దేరింది. ఎండ పోతే మెడ ఉత్త నలుపే. నా వెంటే వచ్చి పక్క పొదలో దాక్కున్న నూకాలు కళ్ళు మూసేసుకుంది.

మబ్బుని దొర కూడా చూశాడు. మిగిలిన ఎండలోనైనా రంగు పట్టుకోవాలని పంజరం తెరిచి, పిట్టని గుప్పిట్లో పట్టి పైకెత్తాడు. అప్పుడు దూకాను నేను. డేరా గుంజలు ఊడాయి, కొండ అదిరింది, రంగుల పళ్ళెం దొర ఒళ్ళో పడింది. గుప్పిలి సడలింది. చినపోతు లేడు.

దొర పళ్ళెం కోసం వంగాడు. బల్ల కింద ఎర్రటి తోక కనబడింది. ఎంత చక్కటి ఛాయో.

"కదలకు," అన్నాడు మెల్లగా, తుపాకీ అందుకుంటూ.

"బుద్ధిగా కూర్చో తమ్ముడూ," అన్నాను నేను కూడా. కానీ జగ్గారావు అప్పటికే గోదారిలో ఈదుతున్నాడు.

కదలకుండా ఉండమనేవాడు ఎందుకు కాచుకున్నాడో చూశాకే కూర్చోవాలి.

నమ్మకం కుదరలేదా? ఆ రోజు నక్క ఎవరి వీపు తొక్కి ఒడ్డెక్కాడో ఆ తాబేలు ఇంకా ఉంది. పేరు బూచమ్మ. వెళ్ళి అడగండి.