పొట్లకాయ చక్రాలు

కాత్యాయని ఎవరితోనూ అనని మాట ఒకటుంది. చెల్లెలు హైమను ఇన్నేళ్ళూ పద్ధతిలో పెట్టింది హైమ బాగు కోసం కాదు; తల్లి లేని పిల్లను అక్క ఎంత చక్కగా పెంచిందో అని నలుగురూ అనుకోవాలని. ఆ హైమ డిగ్రీ మధ్యలో మానేసి, కాకినాడలో కేకులు చేసే దుకాణంలో చేరింది. "నేను నీకు అక్కనని ఎక్కడా చెప్పుకోకు" అనేసింది కాత్యాయని. నాలుగు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.

కాత్యాయనికి వీణ నేర్పే అలివేలమ్మ గారికి ఒక అలవాటు. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు; పెరట్లో ఏదో పని పురమాయిస్తారు. ఆవిడ శిష్యురాళ్ళకు రాగాలకంటే ముందు పాదులు తవ్వడం వస్తుందని ఊళ్ళో వేళాకోళం. వైశాఖంలో ఒక పొద్దున, పాఠం అయ్యాక, కాత్యాయని ఎవరి సంగతో చెబుతున్నట్టుగా అడిగింది: "వంకరదారి పట్టిన పిల్లను సరిచేయాలనుకోవడం తప్పంటారా?"

ఆవిడ నీళ్ళచెంబు అందుకుని పెరట్లోకి నడిచారు. ఎండలకు వంగ, బెండ తలలు వాల్చేసినా పొట్లపందిరి మాత్రం పచ్చగా ఉంది. తిన్నగా సాగాలని కాయల కొసలకు అరటినారతో చిన్న చిన్న రాళ్ళు కట్టి ఉన్నాయి. ఆకుల చాటున ఒకదానికి కట్టడం మరిచినట్టున్నారు, అది చుట్టలు చుట్టుకుపోయింది. పక్కనే ఓ లేత పిందె అప్పుడే మెలి తిరుగుతోంది. దానికి రాయి కట్టమన్నారు. ఇదైనా తీరుగా రావాలని కాత్యాయని కాస్త పెద్ద రాయే ఏరింది. ముడి వేసి చెయ్యి వదిలిందో లేదో, పిందె తొడిమ దగ్గర తెగి, రాయితో సహా పాదులో పడింది.

"రుబ్బురోలు పొత్రం దొరకలేదా తల్లీ?" అన్నారు అలివేలమ్మ గారు, మెల్లగానే.

ఆ చుట్టలు తిరిగిన కాయనూ, చేతికర్రలా ఉన్న మరో కాయనూ కోసి, పెసరపప్పు వేసి కూర చేద్దామంటూ ఆమెను కత్తిపీట ముందు కూర్చోబెట్టారు. కాత్యాయని చక్రాలుగా తరిగి లోపలి గుజ్జు తీసింది. పళ్ళెం నిండాక ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుని, వంకర కాయ ముక్కలు వేరు చేయమన్నారు.

కాత్యాయని ఒక ముక్క తీసింది, చూసింది, మళ్ళీ అక్కడే వేసింది. ఇంకొకటి తీసింది. ఏ చక్రం ఏ కాయదో ఎంతకీ తేలలేదు. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ ముక్కలన్నీ కలిపి కడుగుతూ అడిగారు: "మీ చెల్లెలికి పొట్లకాయ ఇష్టమేనా?"

చెల్లెలి ఊసు తను ఎత్తనే లేదు. అయినా కాత్యాయని తడబడింది అందుకు కాదు. పదేళ్ళు వండి పెట్టింది, పళ్ళెంలో మెతుకు వదలనివ్వలేదు. ఇష్టమో కాదో మాత్రం ఏనాడూ అడగలేదు. తెలియదండీ అంది.

"అడిగితే చెబుతుందిగా."

కాత్యాయని తడిచేతులు చున్నీకి తుడుచుకుని, గూట్లో పెట్టిన ఫోను కోసం లేచింది. అలివేలమ్మ గారు పొయ్యి మీద మూకుడు పెడుతూ, తల తిప్పకుండానే అన్నారు:

"ఇష్టం లేదన్నా, ఫోను పెట్టేయకు."